యాంగోన్ పాయలో శీలావతులు

చెత్తబండి గంట

ఉదయం ఐదూ నలభైకి చెత్తబండి గంట మోగింది. ఏదో గుడి అనుకుని లేచి కూర్చున్నాను. పక్క చాప మీద నుంచి పైడమ్మ వదిన, "పడుకో మరదలా, సెత్తోడు వచ్చినాడు" అంది. కిటికీలోంచి కిందికి చూశాను. వీధిలో మనుషులు సంచులు పట్టుకుని బండి వైపు నడుస్తున్నారు. కరెంటు లేదు. మంచులోంచి ఒక్కొక్కరూ బయటికి వచ్చి, సంచి బండిలో వేసి, మళ్ళీ మంచులోకి వెళ్ళిపోతున్నారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు. ఆ తరవాత ఊళ్ళో చాలా చూశాను గాని, ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ముందు కనిపించేది అదే.

వదిన ఆ ఊరిని యాంగోన్ అనదు, రంగం అంటుంది. మా ఆయన అప్పారావు కూడా చివరిదాకా రంగమే అన్నాడు. ఆయన పుట్టింది ఆ ఇంట్లోనే. చిన్నతనంలో తల్లిదండ్రులతో ఓడెక్కి విశాఖపట్నం వచ్చేశాడు. ఆయన పెదనాన్న రేవులో పని వదులుకోలేక అక్కడే ఉండిపోయాడు. పైడమ్మ వదిన ఆ పెదనాన్న కూతురు. వీధిలో బర్మా వాళ్ళకు ఆమె డా ఖిన్. డా అంటే మనం పేరు చివర 'గారు' అన్నట్టు, వాళ్ళు ఆడవాళ్ళ పేరు ముందు పెట్టే మాట. మగవాళ్ళకైతే ఊ అంటారు.

మా ఆయన పోయి ఏడాది అయింది. సంవత్సరీకం మా మరిది విశాఖలో చేశాడు. ఆ వారమే వదిన ఫోన్ చేసి, పుట్టిన చోట కూడా ఒకటి జరగాలి, నువ్వు రావాలి అంది. నేను వెళతానని ఎవరూ అనుకోలేదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ కాలేజీ లైబ్రరీలో కూర్చుని బర్మా గురించి దొరికినవన్నీ చదివాను గాని, ఆయన ఉండగా ఒక్కసారి కూడా ఇద్దరం కలిసి వెళ్ళలేదు. ఎప్పటికప్పుడు వచ్చే ఏడాది అనుకున్నాం.

వదినది పాత కర్ర ఇల్లు. సంచౌంగ్ సంత దాటాక వీధులు నది వైపు పల్లానికి దిగే చోట ఉంది. ఇంటి వెనక పాయ. నదిలో పోటు వచ్చినప్పుడు నీళ్ళు పైకి ఎక్కుతాయి, పాటుకు బురద మిగులుతుంది. పాయలోకి దిగడానికి రాతి మెట్లున్నాయి. మా ఆయన ఈత నేర్చుకున్న మెట్లు అవే. అక్కడ చేపలు వదలాలని వదిన చెప్పింది.

పోయినవాళ్ళ పేరిట ప్రాణంతో ఉన్నవాటిని వదిలిపెట్టడం అక్కడి ఆచారం. కొందరు పిట్టల్ని వదులుతారు, కొందరు చేపల్ని. వదిలాక, ఆ పుణ్యం పోయినవాళ్ళకూ చెందాలని చెప్పి కుండతో నీళ్ళు సన్నని ధారగా పోస్తారు. మనం నువ్వులూ నీళ్ళూ వదులుతాం, చెయ్యి తిరిగే తీరు మాత్రం వేరు. వదిన పుట్టింటివాళ్ళు ఇరుగుపొరుగు బర్మా వాళ్ళ దగ్గర ఇది నేర్చుకున్నారు. తన తండ్రికి, తల్లికి, భర్తకి అందరికీ వదిన ఆ మెట్ల మీదే చేసింది. ఎప్పుడూ కొర్రమీనులూ మార్పు చేపలే. నల్లచేపలైతేనే బాగా ఈదుకుపోతాయని ఆమె నమ్మకం.

పొద్దెక్కాక మెట్ల దగ్గరికి వెళ్ళి చూశాను. పాటు సమయం. బురద మీద పాలిథిన్ సంచులు, నురగ. పాయకు అడ్డంగా ఎవరో వెదుళ్ళు కట్టారు. వాటికి సీసాలూ చెప్పులూ థర్మోకోలూ ఆనుకుని ఉన్నాయి. మధ్యలో మిగిలిన నీటికి ముదురు నీలం రంగు. మా విశాఖలో రేవు వైపు గాలి తిరిగితే మేడ మీద ఆరేసిన బట్టలకు దుమ్ము పడుతుంది, మళ్ళీ ఉతుక్కుంటాం. నీటికి రంగు పడితే ఏం చేస్తారో నాకు తెలియలేదు.

చౌక్తడా వెనక సందు

వదిన కూతురు రవణ చౌక్తడాలో ఒక ఆఫీసులో లెక్కలు చూస్తుంది. నలభై దాటింది. ఆఫీసులో ఆమె పేరు మ సూ. తెలుగు బాగానే అర్థమవుతుంది గాని, మాట్లాడేటప్పుడు మధ్యలో బర్మా మాట వచ్చేస్తుంది, దాన్ని వెనక్కి తీసుకోవడానికి కొంచెం ఆగుతుంది. ఆ ఆగడం నాకు నచ్చింది. మాట్లాడే ముందు ఆలోచిస్తున్నట్టు ఉంటుంది.

రెండో రోజు ఆమెతో బయల్దేరాను. చౌక్తడా అంతా కోర్టులు, పాత తెల్లదొరల కాలం నాటి మేడలు. ఇటుకల సందుల్లో రావి మొక్కలు మొలిచి ఉన్నాయి. పై అంతస్తుల నుంచి తాళ్ళు వేలాడుతున్నాయి, కొసన క్లిప్పులు. పేపరువాడు పేపరు, అమ్మేవాడు ఇడ్లీ పొట్లం ఆ క్లిప్పుకు తగిలిస్తే పైవాళ్ళు లాక్కుంటారు. ఒక తాడు నా తలకు తగిలింది. పైన ముసలావిడ చెయ్యి ఊపింది, నేనూ ఊపాను. ఆవిడ కొనబోయేది నా చేతిలో ఉందేమో అని చూసి ఉంటుంది.

పొద్దున్నే టీ కొట్లో మొహింగా తిన్నాం. చేపల పులుసులో సన్న సేమ్యాలాంటి బియ్యపు నూడుల్స్, అరటిబోదె ముక్కలు. గిన్నె మూడు వేల చాట్లు. ఆ అంకె విని ఉలిక్కిపడ్డాను గాని మన డబ్బులోకి మార్చుకుంటే మా వీధి టిఫిను సెంటరు ధరే. పక్క బల్ల మీద ఒకాయన పెదవులు ముడిచి ముద్దు చప్పుడు చేశాడు. నేను తల దించుకున్నాను. రవణ నవ్వి, అది సర్వరును పిలవడం అని చెప్పింది. మా ఆయన కొత్తగా పెళ్ళయిన రోజుల్లో విశాఖ హోటల్లో ఇలాగే చప్పుడు చేసి, సర్వరుతో తగవు పడబోయిన సంగతి నాకు అప్పుడు గుర్తుకొచ్చింది. ఇన్నేళ్ళూ దాన్ని ఆయన అల్లరి అనుకున్నాను. ఊరి అలవాటు అని ఆయన చెప్పలేదు, చెప్పినా నేను నమ్మి ఉండేదాన్ని కాదు.

ఆ మేడలకు ముందు వాకిలి వీధిలోకి, వంటగది కిటికీ వెనక సందులోకి ఉంటుంది. ఎన్నో ఏళ్ళుగా అందరూ వెనక కిటికీలోంచే చెత్త విసిరేసేవారట. మోకాలి లోతు పేరుకుపోయేదట. ఇప్పుడు కొన్ని సందులు శుభ్రం చేసి గోడలకు రంగులు వేశారు. అలాంటి ఒక సందులో ఊ జాన్ అనే పెద్దాయన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తెలుగు బాప్టిస్టు. తాతల కాలంలో భీమునిపట్నం నుంచి వచ్చినవాళ్ళు. కోర్టులో గుమస్తాగా చేసి రిటైరయ్యాడు.

సందు ఎలా బాగుపడిందని అడిగాను. మొదట బోర్డులు పెట్టారట, వాటి మీదా చెత్త పడింది. మనుషుల్ని పెట్టి ఎత్తించారట, వారంలో మళ్ళీ నిండింది. చివరికి ఆయన ఒక కుర్చీ, ఒక గొడుగు తెచ్చుకుని సందులో కూర్చోవడం మొదలుపెట్టాడు.

"ముసిలోడి నెత్తి మీద ఎయ్యడానికి ఎవులికైనా సిగ్గేస్తాది గదా అమ్మా" అన్నాడు. "ఒక దినం గొడుగు మీద సేప తలకాయ పడింది. పైకి సూసినాను. మా పాస్టరు గారి బార్య."

ఆవిడ తరవాతి ఆదివారం నుంచి ఆయనకు ఫ్లాస్కులో టీ పంపుతోందట. టీ వచ్చినన్నాళ్ళూ తలెత్తి ఆ కిటికీ వైపు చూడనని ఆయన మాటిచ్చాడట.

తిరిగి వస్తూ రవణ తన సంగతి చెప్పింది. పాయకు అడ్డంగా వెదుళ్ళు కట్టింది ఆమే, ఇంకో పదిమందితో కలిసి. సెలవు రోజు వచ్చిందంటే అందరూ బురదలో దిగి చెత్త తీస్తారు. కాని రంగును వెదుళ్ళు ఆపలేవు. ఎగువన అద్దకం షెడ్లు ఉన్నాయి, వాటి గొట్టం పాయలోకి. ఇప్పుడు షెడ్లవాళ్ళు రెండో గొట్టం వేస్తామంటున్నారు. పేటలో పెద్దలు సరేనంటే వేసేస్తారు. రెండోది పడితే పాయ ఇక మురుగు కాలవే. పెద్దల సమావేశం వచ్చే వారమే ఉంది.

పెద్దలు సరే అనకుండా చూడలేవా అన్నాను.

"నాను సెప్పినాను అత్తా. ఊ టిన్ అని పెద్దాయన ఉన్నాడు. ఆయన ఏటంటాడంటే, మీ అమ్మ వదిలిన సేపలు బాగా ఎలిపోతన్నాయి గదా, నీలు బాగోలేదని ఎలా అంటావు అంటాడు. షెడ్లోలు కూడా అదే అంటన్నారు. డా ఖిన్ మెట్లు సూడండి అంటన్నారు."

"మీ అమ్మకు చెప్పలేదా?"

రవణ చాలాసేపు ఆగింది. ఆమె వెతుకుతున్నది తెలుగు మాట కాదని నాకనిపించింది. నీళ్ళు చచ్చిపోయాయంటే నాన్న పేరిట వదిలినవన్నీ వృథా అని అమ్మకు చెప్పినట్టే అవుతుంది, అది తన నోట రాదు అంది.

వాళ్ళమ్మ ఆ మాట వినదు కూడా. ఆ సాయంత్రం అన్నం దగ్గర పాయ ఊసు వచ్చినప్పుడు వదిన, నీళ్ళు నీలంగా ఉంటే చేపకేం, మీ నాన్న రేవులో నూనె నీళ్ళలో ఈదలేదా అని కొట్టిపారేసింది. ఆ తరవాత ఊరగాయ టీ ఆకు నా కంచంలో వేసింది. వేరుశనగ, వేయించిన వెల్లుల్లి కలిపి తింటారు. టీ ఆకును కూరలా తినవచ్చని మా ఆయన చెబితే ఎన్నోసార్లు నవ్వాను. బాగుంది.

ట్వంటే దాకా

మూడో రోజు చేపలకీ కుండకీ నది అవతలున్న ట్వంటే అనే ఊరికి వెళ్ళాం. సంచౌంగ్ సంతలోనే చేపలు దొరుకుతాయి. కాని చెరువు నుంచి నేరుగా తెచ్చినవి హుషారుగా ఉంటాయని వదిన పంపింది. తనకు మోకాళ్ళ నొప్పి. నేనూ రవణా బయల్దేరాం.

నది దాటే పడవ వెంట చలికాలంలో సముద్రపు పిట్టలు వస్తాయి. ఎక్కడో ఉత్తరాన చలి పడలేక వచ్చినవట. జనం వాటికి వేయించిన మురుకుల్లాంటివి విసురుతున్నారు, అవి గాలిలోనే అందుకుంటున్నాయి. తెల్లని రెక్కలు మొహానికి ఇంత దగ్గరగా వచ్చి పోతుంటే, పడవ కదులుతోందో అవే కదులుతున్నాయో తెలియలేదు. ఒక పిల్ల పొట్లం ఖాళీ చేసి ఆ పాలిథిన్ సంచినీ విసిరింది. దాన్నీ ఒక పిట్ట పట్టుకుని, కొంత దూరం పోయి వదిలేసింది. రవణ అటు చూడలేదు. వెనక, మేము వదిలి వచ్చిన ఒడ్డున పెద్ద బుద్ధ గోపురం బంగారు రంగు మంచులో మసకగా ఉంది. దిగేటప్పుడు పలక మీద కాలు జారి ఒక కౌజు గుడ్లమ్మే ఆవిడ గంప మీద పడ్డాను. రెండు గుడ్లు చితికాయి. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు, అక్కడి ఆడవాళ్ళు బుగ్గలకు గంధంలా పూసుకునే తనఖా అనే చెట్టుబెరడు ముద్ద నా మోకాలికి పూసింది. ఆ చల్లదనం సాయంత్రం దాకా ఉంది.

ట్వంటేలో కాలవ గట్టున కుండలు చేస్తారు. ఒకావిడ కాలితో సారె తిప్పుతుంటే ఇంకొకావిడ మట్టిని ఎత్తుతోంది. ఇద్దరూ మాట్లాడుకోకుండానే కుండ లేస్తోంది. ధారగా నీళ్ళు పోసేందుకు సన్నని మూతి కుండ ఒకటి తీసుకున్నాం. పగిలితే మట్టిలోకే పోతుంది, ఎవరూ ఏరనక్కరలేదు అని రవణ తనలో తాను అనుకున్నట్టు బర్మాలో అని, నేను అడిగాక తెలుగులో చెప్పింది.

ఊరి బయట వరిచేలు, వాటి మధ్య చేపల చెరువులు. చెరువు గట్టున నీళ్ళ తొట్లలో చేపలున్నాయి. ఒక తొట్టిలో నల్లవి, కొర్రమీనులూ మార్పులూ, ఒకదాని మీద ఒకటి పడి కదులుతున్నాయి. ఇంకో తొట్టిలో శీలావతులు. చేతిమేర పొడవు, పొలుసులు ఎండలో మెరుస్తున్నాయి.

మా ఆయనకు శీలావతి ఇష్టం. ఆదివారం పొద్దున్నే మార్కెట్టుకు వెళ్ళి, మొప్పలు ఎత్తి చూసి, ఎర్రగా ఉన్నదే తెచ్చేవాడు. నా చేత కోయించేవాడు కాదు, తనే శుభ్రం చేసేవాడు. నలభై ఏళ్ళలో ఎన్ని శీలావతులు తిని ఉంటాం. వాటిలో కొన్నింటిని వదిలిపెట్టడం బాగుంటుందనిపించింది. ఆ తొట్టి చూపించి, ఇవి ఇవ్వమన్నాను.

చెరువు ఆవిడ నా మొహం చూసి, రవణతో పెద్దగా, చాలాసేపు ఏదో చెప్పింది. చేతులు తిప్పి, నోరు తెరిచి మూసి చూపించింది. ఏమంటోందని అడిగాను.

"ఇవి తినడానికి కొంటారు, వదలడానికి ఎవులూ కొనరు అంటాంది. నీ ఇష్టం అంటాంది" అంది రవణ.

నా ఇష్టం అవే అన్నాను. రవణ నల్లచేపల తొట్టి వైపు ఒకసారి చూసింది. తరవాత డబ్బిచ్చింది. పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ములో చెరువు నీళ్ళు పోసి శీలావతుల్ని వేశారు. వ్యానులో దారి పొడుగునా నీళ్ళు నా ఒళ్ళో చిందాయి. మధ్యమధ్య మూత తీసి చూశాను. నెమ్మదిగా మొప్పలు ఆడిస్తూ, అన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. చాలా రోజుల తరవాత నాకు నిద్రొచ్చింది.

మెట్లు

మర్నాడు పొద్దున్న పోటు వచ్చాక చేశాం. నీళ్ళు నాలుగైదు మెట్లు ముంచి నిలబడ్డాయి. నీలం రంగు పల్చబడి, చూడ్డానికి మామూలు పాయలాగే ఉంది. వదిన కొత్త లుంగీ కట్టుకుంది, జడలో తెల్లపూలు. ఇరుగుపొరుగు వాళ్ళు వచ్చారు. ఊ టిన్ కూడా వచ్చాడు. అలాంటి వేళ పేటలో పెద్దవాణ్ణి పిలవడం మర్యాద. ఎనభై ఏళ్ళ సన్నని మనిషి. నాకు నమస్కారం పెట్టి, మా ఆయన్ని పిల్లవాడిగా తాను ఎరుగుదునని రవణ చేత చెప్పించాడు. ఈ మెట్ల మీద నుంచి ఒకసారి తన గాలిపటం పాయలో పడితే 'అప్పడు' దూకి తెచ్చిచ్చాడట. మా ఆయన చిన్నప్పటి పిలుపు ఆ నోట విని, ఆయనకు మళ్ళీ నమస్కారం పెట్టాను.

డ్రమ్ము తెరిచాక వదిన చూసింది.

"శీలావతులు తెచ్చినావేటి?"

"ఆయనకి ఇష్టం వదినా."

"ఇష్టమైతే కూర వండుతారు" అంది. మళ్ళీ నవ్వి, "పోన్లే. ఆడి సేపలు ఆడివి" అంది.

నేను మెట్టు మీద కూర్చుని రెండు చేతులా పట్టి ఒక్కొక్కటీ నీళ్ళలోకి వదిలాను. మొదటిది మెరుస్తూ లోపలికి పోయింది. రెండోది, మూడోది కూడా. అవి పోయిన చోట నీళ్ళు కాస్త కదిలి మళ్ళీ మూసుకున్నాయి. ఆయన ఈదిన నీళ్ళు అనుకున్నాను. ఆ కొద్దిసేపూ నాకు ఏ బరువూ లేదు. వదిన కుండ ఎత్తి ధార మొదలుపెట్టింది. అందరూ చేతులు జోడించి, పుణ్యం పంచుకోమని వాళ్ళ భాషలో అంటున్నారు, మూడుసార్లు అనాలి. రెండోసారి అంటుండగా మొదటి చేప తేలింది.

నోరు నీటిపైన పెట్టి గాలి పీలుస్తోంది. దాని పక్కన ఇంకొకటి వచ్చింది. నీళ్ళ మీద నోళ్ళు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. చెరువు ఆవిడ చూపించింది అదే. తరవాత ఒకటి పక్కకు ఒరిగింది, పొట్ట తెల్లగా పైకి వచ్చింది. మా మెట్ల చుట్టూ ఒకటొకటిగా అన్నీ అలా తిరిగాయి. దూరంగా పోలేకపోయాయి. అంటున్నవాళ్ళు మధ్యలో ఆగిపోయారు. ధార ఆగింది.

వదిన నీళ్ళలోకి దిగింది. మోకాళ్ళ నొప్పి మరిచిపోయి నడుము లోతుకి దిగి, చేపల్ని రెండు చేతులా పట్టి తెచ్చి డ్రమ్ములో వేస్తోంది. డ్రమ్ములో చెరువు నీళ్ళు కొద్దిగానే మిగిలాయి. తాగే నీళ్ళు తెమ్మని రవణను కేకేసింది. ఇంట్లో ఉన్న కుండలు, బిందెలు అన్నీ తెచ్చి పోశాం. కొత్త కుండలో మిగిలిన ధార నీళ్ళు కూడా వదిన అందులోనే పోసింది. రెండు చేపలు మళ్ళీ మొప్పలు ఆడించాయి. మిగతావి ఆడించలేదు.

ఊ టిన్ మెట్టు చివర నిలబడి అంతా చూశాడు. వెళ్ళేటప్పుడు ఒక చచ్చిన చేపను చేతిలోకి తీసుకుని, మొప్ప ఎత్తి చూసి, కింద పెట్టి, చెయ్యి తన లుంగీకి తుడుచుకున్నాడు. ఆ చెయ్యి మీద నీలం మిగిలింది.

వసారా

బతికిన రెండింటినీ రవణ స్నేహితుడొకడు డ్రమ్ముతో సహా ట్వంటే తీసుకువెళ్ళాడు. చచ్చినవాటిని ఎవరూ తినరు, పెరట్లో అరటి చెట్ల కింద పూడ్చాం. మధ్యాహ్నం వీధిలో జనరేటర్ల చప్పుడు. వదిన తడి లుంగీ మార్చుకుని వసారాలో కూర్చుంది. ఎవరికీ అన్నం తినబుద్ధి కాలేదు.

రవణ వచ్చి నా ముందు కూర్చుంది.

"అత్తా, ఆ సెరువామె ఏటి అన్నాదో నాను నీకు సగమే సెప్పినాను" అంది. "ఇవి నీలలోన గాలి నేకపోతే సచ్చిపోతాయి, పట్నం పాయలోన ఎయ్యొద్దు అన్నాది. నల్లవి పైకొచ్చి గాలి పీల్చుకుంటాయి, బురదలోన కూడా బతుకుతాయి. అవే తీసికెల్లమన్నాది. నాకు తెలుసు. ముందే తెలుసు."

ఎందుకు చెప్పలేదని నేను అడగలేదు. ఊ టిన్ వస్తాడని, చేపలు చావడం కళ్ళారా చూస్తాడని ఆమెకు తెలుసు. నాకూ ఇప్పుడు తెలుసు.

"నువ్వు శీలావతులు సూపినప్పుడు ఒద్దని అందామనుకున్నాను. అన్లేదు. మావయ్య పేరు మీద..." అని ఆపేసింది. ఈసారి ఏ భాషలోనూ మాట రాలేదు.

నాకు కోపం వచ్చింది. ఆయన పేరిట ఒక్కటైనా ఈదుకుంటూ పోతుందని అంత దూరం వెళ్ళాను. అవి చచ్చిపోతాయని తెలిసి ఒకరు పక్కన కూర్చుని డబ్బిచ్చారు. ముందే చెప్పి, పాయ కోసం ఇలా చేద్దాం అత్తా అని అడిగి ఉంటే ఒప్పుకునేదాన్నా? ఆలోచించాను. ఒప్పుకునేదాన్ని కాదు. నల్లచేపలు వదిలి, సంతోషంగా ఇంటికి వచ్చి ఉండేదాన్ని. ఆ మాటే రవణకు చెప్పాను. ఆమె తల ఊపింది. మంచి చేశావని నేను అనలేదు, తప్పు చేశావని కూడా అనలేదు. ఇప్పటికీ ఈ రెండింటిలో ఏదీ పూర్తిగా అనలేను.

వదిన అంతా వింటోంది. కూతుర్ని అడిగింది.

"మీ నాన్నకి వదిలినవి బతికినాయా నేదా?"

"బతికినాయి అమ్మా. అవి ఎందులోనైనా బతుకుతాయి."

"అయితే ఇన్నేళ్ళూ ఆ నల్లసేపలు నాసేత అబద్దం ఆడించినాయి" అంది వదిన. "నీలు బాగున్నాయి, బాగున్నాయి అని పేటంతా సెప్పుకొచ్చినాను."

రవణ ఏడ్చింది. వదిన ఏడవలేదు. సమావేశం ఎప్పుడని అడిగి, నన్ను కూడా తీసుకెళ్ళు, నా మెట్ల గురించి నేనే చెప్పుకుంటాను అంది. తరవాత నా వైపు తిరిగి, అప్పడికి రేపు మళ్ళీ ధార పోద్దాం, చేపల్లేకుండా, అంది. మర్నాడు పోశాం. సంత పక్క గుళ్ళో, పంపు నీళ్ళతో. మూడుసార్లూ మధ్యలో ఆగకుండా అన్నారు. నాకు ఆ మాటలు అప్పటికి నోటికి వచ్చేశాయి, నేనూ అన్నాను.

విశాఖలో

నేను తిరిగి వచ్చాక సమావేశం జరిగింది. ఫోన్ లైను సరిగా లేదు, వదిన చెప్పింది సగం సగం వినిపించింది. ఆమె మోకాళ్ళ నొప్పితోనే మెల్లిగా నడిచి వెళ్ళి, తన మెట్లను ఇక ఎవరూ సాక్ష్యంగా తేవద్దని చెప్పిందట. షెడ్లవాళ్ళు ఆ చేపలు దారిలోనే అలిసి చచ్చిపోయాయి అన్నారట. అప్పుడు ఊ టిన్ లేచి, తాను చూశానని, డ్రమ్ములో మంచినీళ్ళు పోస్తే రెండు లేచాయని, పాయలో ఒక్కటీ లేవలేదని చెప్పి కూర్చున్నాడట. అంతకంటే ఏమీ మాట్లాడలేదట. రెండో గొట్టానికి పెద్దలు ఒప్పుకోలేదు. మొదటిది అలాగే ఉంది. దాని రంగు ఇప్పటికీ పోటుకు పల్చబడి పాటుకు చిక్కబడుతూ ఉంటుందని, వెదుళ్ళు కొత్తవి కట్టారని రవణ చెప్పింది. మొదటి గొట్టం సంగతి ఎత్తడానికి ఎవరికీ ఇంకా ధైర్యం చాలలేదు. ఊరి పరిస్థితులు అలాంటివి. కొన్ని విషయాలు ఫోన్‌లో ఆమె చెప్పదు, నేను అడగను.

ఆదివారాలు నేను ఇప్పుడు మార్కెట్టుకు వెళ్తున్నాను. చేపలవాడు శీలావతి చూపిస్తే మొప్ప ఎత్తి చూస్తాను. ఒక్కోసారి కొంటాను, ఒక్కోసారి అలా చూస్తూ నిలబడిపోతాను. వెనకవాళ్ళు తొందరపెడతారు.

పోయిన నెల ఆ పేటలో ఒక బర్మా ఇంట్లో తల్లి పోయింది. వాళ్ళు ధార ఒక్కటే పోశారట, అదీ గుళ్ళో. పైడమ్మ వదిన మెట్ల మీద ఇప్పుడు ఎవరూ చేపలు వదలడం లేదు.